హామ్‌స్టర్‌కు జబ్బు చేస్తే తెలిసేదెలా?

తూర్పు ఢిల్లీలోని లక్ష్మీ నగర్ సీఏ విద్యార్థులకు పెట్టింది పేరు. వికాస్ మార్గ్‌కు ఆనుకుని ఉన్న సందుల్లో ఇరుకైన మేడలు, వాటి నిండా అద్దె గదులు. దేశం నలుమూలల నుంచీ వచ్చి చదువుకునే వారిలో మన తెలుగు పిల్లలూ ఉంటారు. ఇలాంటి గదుల్లో కుక్కను పెంచుకుంటామంటే ఇంటివారు ఒప్పుకోవడం కష్టం. హామ్‌స్టర్ సంగతి వేరు. అది మొరగదు, వాకిట్లో తిప్పమని పేచీ పెట్టదు. పగలంతా నిద్రపోయి, మనం పుస్తకాలు తీసే వేళకు లేస్తుంది. అయితే ఈ సౌకర్యంలోనే ఒక చిక్కుంది. మామూలుగా నోరెత్తని ఈ జంతువు జబ్బు చేసినా నోరెత్తదు.

హామ్‌స్టర్ ఎలుకలకు, ఉడుతలకు బంధువు. గుడ్లగూబలకు, పాములకు, నక్కలకు ఆహారమయ్యే జీవి. బలహీనంగా కనిపించినదే ముందుగా శత్రువు కంట పడుతుంది కాబట్టి నలతను పైకి తేలనివ్వకపోవడం ఇలాంటి జంతువుల సహజ లక్షణం. మనకు తేడా కనిపించేసరికే జబ్బు చాలావరకు ముదిరి ఉంటుంది.

రెండో కారణం దాని పరిమాణం. మన దగ్గర ఎక్కువగా కనిపించే సిరియన్ హామ్‌స్టర్ బరువు 100 నుంచి 150 గ్రాములు. మరుగుజ్జు రకాలైతే 30 నుంచి 50 గ్రాములే. శరీరం ఎంత చిన్నదైతే, బరువుతో పోల్చినప్పుడు దాని ఉపరితల వైశాల్యం అంత ఎక్కువ. ఒంట్లో వేడి త్వరగా బయటకు పోతుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి జీవక్రియ చురుకుగా సాగాలి. అందుకే దాని గుండె నిమిషానికి 250 నుంచి 500 సార్లు కొట్టుకుంటుంది. ఆయుర్దాయం రెండు, మూడేళ్ళు. మనం ఒక పూట అన్నం మానేస్తే నీరసపడతాం, అంతే. హామ్‌స్టర్ ఒక రోజు తిండి మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది. "రేపటిదాకా చూద్దాం" అనే మాట దాని విషయంలో పనికిరాదు.

మరి ముందుగా పసిగట్టడమెలా? తిండి గిన్నె ఖాళీ అయిందా లేదా అని చూస్తే చాలదు. హామ్‌స్టర్‌కు బుగ్గల్లో సంచులుంటాయి. గింజలన్నీ వాటిలో నింపుకుని పోయి ఒక మూల దాచిపెడుతుంది. గిన్నె ఖాళీగా ఉంటుంది, జంతువు పస్తుంటుంది! అంతకంటే నమ్మదగిన సాధనం వంటింటి డిజిటల్ త్రాసు. వారానికొకసారి, ఒకే వేళకు, చిన్న డబ్బాలో కూర్చోబెట్టి తూచి నోటు పుస్తకంలో రాసుకోండి. బుగ్గలు ఉబ్బి ఉంటే మాత్రం ఆ గింజల బరువు కూడా కలుస్తుంది సుమా. 120 గ్రాములది వారంలో 108కి దిగిందంటే పదోవంతు తగ్గినట్టు. 60 కిలోల మనిషి వారంలో 6 కిలోలు తగ్గడంతో సమానం. వేరే లక్షణమేదీ లేకపోయినా పశువైద్యుడికి చూపించడానికి ఇది చాలు.

రోజూ సాయంత్రం అది లేచే వేళకు ఒక్కసారి గమనించడం కూడా అవసరం. లేవవలసిన వేళకు లేవకపోవడం, వీపు గూనిగా పెట్టుకుని వెంట్రుకలు నిక్కబొడుచుకుని కూర్చోవడం, ఊపిరి తీస్తుంటే చప్పుడు రావడం, తల ఒక పక్కకు వాలిపోవడం, గడ్డం కింద చొంగతో తడిసి ఉండడం — ఇవేవీ ఆలస్యం చేయదగినవి కావు. చొంగకు తరచు పళ్ళే కారణం. దాని ముందరి కుంతకాలు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. కొరికి అరగదీసుకోలేకపోతే వంకరగా పెరిగి నోరు మూయనివ్వవు.

అన్నిటికంటే అత్యవసరమైనది 'తడి తోక' జబ్బు. మూడు నుంచి పది వారాల వయసు పిల్లలకు, అందులోనూ తల్లి నుంచి వేరుచేసి, కొత్త చోటికి తెచ్చిన రోజుల్లో ఎక్కువగా వస్తుంది. లాసోనియా ఇంట్రాసెల్యులారిస్ అనే బాక్టీరియా చిన్నపేగు చివరి భాగాన్ని దెబ్బతీస్తుంది. నీళ్ళ విరేచనాలతో తోక, దాని చుట్టూ తడిసిపోతాయి. రెండు మూడు రోజుల్లో ప్రాణం పోవచ్చు. తోక తడి కనిపించిన రోజే వైద్యుడి దగ్గరకు వెళ్ళాలి.

ఇక్కడే చాలామంది ఒక ప్రమాదకరమైన పని చేయవచ్చు. వీధి చివరి మందుల షాపులో నాలుగు అమాక్సిసిలిన్ మాత్రలు కొని, ఒకటి పొడి చేసి నీళ్ళలో కలిపి పట్టించడం. మనుషులకు మేలు చేసే మందే హామ్‌స్టర్‌కు విషం. పెన్సిలిన్, ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్, ఎరిత్రోమైసిన్, క్లిండమైసిన్ దాని పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులను తుడిచిపెడతాయి. ఖాళీ అయిన చోట క్లాస్ట్రీడియం డిఫిసిల్ అనే బాక్టీరియా పెచ్చుపెరిగి విషాన్ని విడుదల చేస్తుంది. కొద్ది రోజుల్లోనే జంతువు చనిపోతుంది. ఈ సంగతి మానవ వైద్యానికీ దారి చూపింది. క్లిండమైసిన్ వాడిన కొందరు రోగులకు తీవ్రమైన విరేచనాలు ఎందుకు పట్టుకుంటున్నాయో మొదట అంతుపట్టలేదు. 1977-78లో అమెరికాలో జాన్ బార్ట్‌లెట్ బృందం ఇదే మందు ఇచ్చిన హామ్‌స్టర్ల పేగులను పరీక్షించి, ఆ దారిలోనే రోగులలోనూ ఈ బాక్టీరియాను గుర్తించింది. హామ్‌స్టర్‌కు సరిపడే యాంటిబయాటిక్స్ లేకపోలేదు. ఏది, ఎన్ని చుక్కలు అనేది బరువును బట్టి పశువైద్యుడే చెప్పాలి.

ఢిల్లీ వాతావరణం మరో పరీక్ష. 1930లో ఇజ్రాయెల్ అహరోనీ అనే జంతుశాస్త్రజ్ఞుడు సిరియాలోని అలెప్పో దగ్గర ఒక పొలంలో లోతైన బొరియ తవ్వించి, తల్లినీ పిల్లలనూ పట్టుకున్నాడు. నేటి పెంపుడు సిరియన్ హామ్‌స్టర్లు దాదాపు అన్నీ ఆ కాన్పు సంతతే. చల్లగా, నిలకడగా ఉండే భూగర్భానికి అలవాటుపడ్డ ఒళ్ళు అది. సఫ్దర్‌జంగ్ కేంద్రంలో 2023 జనవరి 16న 1.4 డిగ్రీలు, 2024 మే 29న 46.8 డిగ్రీలు నమోదయ్యాయి. డాబా కింది గదిలో మే నెల మధ్యాహ్నం హామ్‌స్టర్ ఒళ్ళు చాచి పడిపోయి, వేగంగా ఊపిరి తీస్తుంటే వడదెబ్బే. చల్లని గదికి మార్చి, తడిబట్టతో పాదాలు, చెవులు తుడుస్తూ వైద్యుడి దగ్గరకు తీసుకెళ్ళాలి. ఐసు నీళ్ళలో ముంచకూడదు.

చలికాలంలో దీనికి పూర్తిగా వేరే సమస్య. బాగా చలిగా ఉన్న ఉదయం హామ్‌స్టర్ ముడుచుకుని చల్లగా, కదలకుండా కనిపిస్తే చనిపోయిందని పూడ్చిపెట్టేయకండి. అది సుప్తావస్థలోకి జారి ఉండవచ్చు. అప్పుడు గుండె, ఊపిరి ఎంతో మందగిస్తాయి. కొన్ని నిమిషాలు కన్నార్పకుండా చూస్తే పక్కలు ఒక్కసారి కదలడం కనిపిస్తుంది. దోసిట్లో పట్టుకుని, గదిని వెచ్చబరచి నిదానంగా లేపాలి. గంట పైగా పట్టవచ్చు. లేచినా చూపించడమే మంచిది. చలికి నిద్రపోయిందో, జబ్బుతో చల్లబడిందో మనం తేల్చలేం.

కంగారు పడనక్కరలేనివీ ఉన్నాయి. సిరియన్ హామ్‌స్టర్ రెండు పక్కలా నల్లగా కనిపించే మచ్చలు వాసన గ్రంథులు, పుండ్లు కావు. మగవాటి వెనుక భాగంలో ఉబ్బెత్తుగా ఉండేవి వృషణాలు, గడ్డలు కావు. ఒక పక్కనే ఉబ్బినా, రక్తం కారినా అది వేరే మాట.

పశువైద్యులందరికీ హామ్‌స్టర్లను చూసే అలవాటు ఉండదు. జబ్బు రాకముందే ఫోన్ చేసి కనుక్కుని, చూసేవారి చిరునామా రాసిపెట్టుకోండి. వెళ్ళేటప్పుడు గాలి ఆడే పెట్టెలో దాని పాత పరుపు రంపపు పొట్టో, కాగితపు ముక్కలో వేసి, నీళ్ళ సీసాకు బదులు ఒక కీరా ముక్క పెట్టండి. బరువులు రాసిన పుస్తకం, కాస్త పెంటిక కూడా తీసుకెళ్ళాలి. శస్త్రచికిత్సకు ముందు కుక్కల్ని పస్తుంచినట్టు దీన్ని ఉంచకూడదు. హామ్‌స్టర్ వాంతి చేసుకోలేదు కనుక ఆ అవసరమే లేదు. పస్తే దానికి ఎక్కువ ప్రమాదం.