గిటారుకు సమాన వాటా దక్కిన రికార్డు

బరంపురంలో బి.కాం. చదివే రోజుల్లో మా గదిలో ఒక కాసెట్ ఉండేది. స్వీడన్‌కు చెందిన 'యూరప్' బృందం 1986లో తెచ్చిన 'ది ఫైనల్ కౌంట్‌డౌన్'. ఆ కీబోర్డు బాణీ మోగితే పక్క గదుల వాళ్ళు కూడా వచ్చి కూర్చునేవారు. జుట్టు గుబురుగా పెంచి, తళుకు బట్టలు వేసుకుని, హోరుగా గిటార్లు వాయించే ఈ పద్ధతిని గ్లామ్ మెటల్ అంటారని అప్పుడు తెలియదు. అంతకు రెండేళ్ళ ముందు, 1984లో వారి రెండవ ఆల్బమ్ 'వింగ్స్ ఆఫ్ టుమారో' వచ్చిందని మొన్న మొన్న మా అబ్బాయి వినిపిస్తేనే తెలిసింది.

స్టాక్‌హోమ్ దగ్గరి ఉప్లాండ్స్ వేస్బీ కుర్రాళ్ళు వీరు. 1982లో ఒక రాక్ పోటీ గెలిచారు. ఆ బహుమతి పుణ్యమా అని 1983లో మొదటి ఆల్బమ్ వచ్చింది. మా బ్యాంకు లెక్కలో మొదటి అప్పు పూచీ మీద పుడుతుంది, రెండవదానికి ఖాతా నడిచిన తీరు చూస్తారు. ఈ రెండవ ఆల్బమ్ అలాంటిది. లెడ్ జెప్పెలిన్ ఆల్బమ్‌కు ఇంజనీరుగా పనిచేసిన లీఫ్ మాసెస్ దీనికి నిర్మాత.

గాయకుడు జోయీ టెంపెస్ట్ ఇందులో కీబోర్డు కూడా తానే వాయించాడు. అందుకే కాబోలు, అది హద్దులో ఉంది. జాన్ నోరమ్ గిటారుకు చోటు దక్కింది. 'అఫేసియా'లో మాటే లేదు, అంతా వాద్యమే. 'స్క్రీమ్ ఆఫ్ యాంగర్' ఒకటే పరుగు. 'ఓపెన్ యువర్ హార్ట్' మెల్లగా మొదలై గొంతెత్తుతుంది. దానినే 1988లో మళ్ళీ రికార్డు చేశారు. నాకు మొదటిదే నచ్చింది.

ఈ రికార్డు తర్వాత డ్రమ్మర్ టోనీ రెనో బృందంలో లేడు. కీబోర్డుకు మిక్ మికేలీ వచ్చాడు. పెద్ద కంపెనీ ఒప్పందం, ఆ తర్వాత దేశదేశాల్లో పేరు. పేరు తెచ్చినది కీబోర్డు. గిటారు వెనకబడిందన్న అసంతృప్తితో నోరమ్ 1986లోనే, విజయం చేతికందుతున్న వేళ, విడిచి వెళ్ళిపోయాడు. లాభాల ఏడాదిలో భాగస్వామి తప్పుకోవడం నా ఉద్యోగంలో ఒకటి రెండుసార్లు చూశాను. ఎవరి తప్పని తేల్చగలిగింది లేదు.

1992లో బృందం ఆగిపోయింది. 2003లో మళ్ళీ కలిసినప్పుడు గిటారు పట్టుకున్నది నోరమే. మరుసటి ఏడాది వచ్చిన 'స్టార్ట్ ఫ్రమ్ ద డార్క్'లో గిటారే ముందు వినిపిస్తుంది. మా అబ్బాయి అదీ ఎక్కించి ఇచ్చాడు. వాళ్ళమ్మకు మాత్రం రెండూ ఒకే గోల.