ధ్రువపు మంచు తెలుపు కరవు లెక్క

రాయదుర్గమున కంప్యూటరు కంపెనీల మేడల నడుమనున్న దుర్గం చెరువు ఒకప్పుడు గోలకొండ కోటకు త్రాగునీ రిచ్చినది. చెరువు త్రవ్వించువారికైనను, గాదె నింపు రైతునకైనను ప్రశ్న యొక్కటే: చెడ్డ యేటికై యెంత నిలువ యుంచవలెను? సగటు వర్షమును జూచుకొన్న చాలునని పలువురు తలంతురు. చాలదని చెప్పు సాక్ష్య మొకటి దూరదేశపు మంచులో నున్నది. దానిని సభ్యులకు విన్నవించుచున్నాము.

అంటార్కిటికా ఖండమున ఏటేట కురియు మంచు కరుగక పొరమీద పొరగా పేరుకొనును. శాస్త్రజ్ఞులు దానిని లోతుగా తొలిచి కంబములుగా వెలికి దీసిరి. మంచులోని ఆక్సిజను భేదములు నాటి వేడిని, అందు చిక్కిన గాలిబుడగలు నాటి గాలిని తెలుపును. వోస్తోక్ అను చోటి కంబము 4,20,000 ఏండ్ల చరిత్రను 1999లో బయటపెట్టెను. డోమ్ సి అను చోటి కంబము 8,00,000 ఏండ్ల వరకు పోవుచున్నది.

ఈ లెక్కను గీతగా గీచినచో వింత యొకటి కానవచ్చును. వేపమండ వేపచెట్టును పోలినట్లు, కొద్దికాలపు హెచ్చుతగ్గులు దీర్ఘకాలపు హెచ్చుతగ్గులను చాలవరకు పోలియుండును. ఇట్టి పోలికకు మాండెల్‌బ్రాట్ అను గణితజ్ఞుడు 1975లో ఫ్రాక్టల్ అని పేరిడెను. దీని సారమేమనగా, చల్లని కాలములు గుంపుగాను, వెచ్చని కాలములు గుంపుగాను వచ్చును. నాణె మెగురవేసినట్లు ఏటి కాయేడు వేరుగా పడదు.

నైలునదిపై జలాశయమునకు లెక్క కట్టిన హర్స్ట్ అను జలశాస్త్రజ్ఞుడు 1951లో ఇట్టిదే ప్రకటించెను. తక్కువ నీటి యేండ్లు వెంటవెంట వచ్చుచుండుటచే, ఏటి కాయేడు వేరని కట్టిన లెక్కకంటె జలాశయము పెద్దదిగా నుండవలెను.

మనమును దీనికి సాక్షులమే. నైరృతి వర్షము దేశమున 2014లో సగటుకంటె నూటికి 12 పాళ్లు, 2015లో 14 పాళ్లు తగ్గినది. మొదటి యేట గాదెలోని గింజలతో కాలము గడుపవచ్చును. రెండవ యేట విత్తనములకే కొరత వచ్చును. అప్పుడే వడ్డీవ్యాపారి వాకిలి త్రొక్కవలసి వచ్చును.

ఈ గీతలు వచ్చు యేడు వాన కురియునో లేదో చెప్పజాలవు. చెడు గుంపుగా వచ్చునని మాత్రము హెచ్చరించును. కావున సంఘపు విత్తనపు నిలువను, రిజర్వు నిధిని ఒక్క యేటికి గాక, వెంటవెంట వచ్చు రెండు మూడు చెడ్డ యేండ్లకు సరిపడునట్లు కట్టవలెనని మా మనవి. లాభమంతయు పంచుకొనవలెనని బుద్ధి పుట్టు మంచి యేడే నిలువ పెంచుకొనుటకును తగిన యేడు.