మెరుపు – ఉరుము – పిడుగు

వైశాఖ మాసంలో పగలంతా నిప్పులు చెరిగిన ఎండ సాయంత్రానికి చల్లబడి, ఆకాశాన కారుమబ్బు కమ్మి, ఈదురుగాలి వెంట ఉరుములు వినిపించడం మనకందరికీ అనుభవమే. ఆ మబ్బును చూసి సంతోషించనివారు ఉండరు. అయితే దాని వెంట వచ్చే ప్రమాదాన్ని గురించి మనం ఆలోచించేది తక్కువ. ప్రభుత్వ గణాంకాల ప్రకారం 2022లో మన దేశంలో పిడుగుపాటుకు 2,887 మంది మరణించారు. ఆ ఏడాది ప్రకృతి వైపరీత్యాల వల్ల సంభవించిన మరణాలలో ఇది మూడవ వంతుకు పైమాట. తుపానులు పత్రికలకెక్కినట్లు పిడుగులు ఎక్కవు. ఒక పొలంలో ఒకరు, మరొక చెట్టు కింద ఇద్దరుగా ప్రాణాలు పోవడమే ఇందుకు కారణమని మేము భావిస్తున్నాము.

మెరుపుకు పుట్టినిల్లు క్యుములోనింబస్ అనే ఎత్తైన మేఘం. దానిలో పైకి ఎగసే గాలుల నడుమ చిన్న మంచు స్ఫటికాలు, మెత్తని వడగండ్ల వంటి గుళికలతో ఢీకొంటాయి. ఆ తాకిడిలో తేలికైన స్ఫటికాలు ధనావేశం పొంది మేఘం పైభాగానికి చేరగా, బరువైన గుళికలు ఋణావేశంతో దిగువన నిలుస్తాయి. ఈ వ్యత్యాసం హద్దు మీరినపుడు, సహజంగా విద్యుత్తును అడ్డుకునే గాలి సైతం దానికి దారి ఇస్తుంది. అధిక భాగం మేఘాలలోనే ముగిసిపోతుంది; అది మెరుపు. నేలను తాకినది పిడుగు. రెంటికీ వేర్వేరు మాటలుండడం మన భాషకున్న సౌలభ్యం.

పిడుగు ఒక్క అంగలో నేలకు దూకదు. మేఘం నుంచి మసకైన విద్యుత్ పాయ ఒకటి దాదాపు 50 మీటర్ల మెట్లు మెట్లుగా, సెకనుకు సుమారు 200 కిలోమీటర్ల వేగంతో దిగివస్తుంది. అది నేలను సమీపించగానే చెట్టు కొమ్మ నుంచో, గుడి గోపురం నుంచో, ఒక్కొక్కసారి పొలంలో నిలుచున్న మనిషి తల నుంచో ఎదురు పాయ లేస్తుంది. రెండూ కలిసిన మరుక్షణం మిరుమిట్లు గొలిపే వెలుగు సెకనుకు సుమారు లక్ష కిలోమీటర్ల వేగంతో, అనగా కాంతి వేగంలో మూడవ వంతుతో, నేల నుంచి మేఘం వైపు పరుగెడుతుంది. పైనుంచి పడినట్లు మనకు తోచే ఆ వెలుగు నిజానికి కింది నుంచి పైకి పోయినది! ఇంటిలోని ఇస్త్రీపెట్టె తీసుకునే విద్యుత్తు నాలుగైదు ఆంపియర్లు. పిడుగులో ప్రవహించేది సుమారు 30,000 ఆంపియర్లు. ఆ దారిలోని గాలి సూర్యుని ఉపరితలం కన్నా అయిదు రెట్లు వేడెక్కి, పేలినట్లుగా వ్యాకోచిస్తుంది. అదే ఉరుము.

ఉరుము శబ్దం సెకనుకు 340 మీటర్లు మాత్రమే పయనిస్తుంది. కనుక మెరుపుకూ ఉరుముకూ నడుమ సెకన్లను లెక్కించి మూడుతో భాగిస్తే దూరం కిలోమీటర్లలో తెలుస్తుంది. పిల్లలకు ఇది మంచి వినోదమే. అయితే ఆ లెక్క 30 సెకన్లకు లోబడితే ఆట చాలించి లోనికి రావలసిందే. చినుకు పడని చోట కూడా పిడుగు పడగలదు. చివరి ఉరుము విన్నాక మరో అరగంట బయటకు వెళ్ళరాదు. ఉరిమినపుడు అర్జునుని నామాలు తలచుకోవడం మన పెద్దల అలవాటు. తలచుకోవచ్చు, కానీ ఇంటిలోపల కూర్చుని తలచుకోవాలని మా మనవి.

అన్నిటికన్నా ప్రమాదకరమైన అలవాటు తడవకుండా చెట్టు కింద చేరడం. చెట్టుపై పడిన పిడుగు పక్కనున్న మనిషి మీదికి దూకగలదు. నేలలో అన్ని వైపులకూ పాకుతుంది కూడా. అపుడు దూరంగా ఉన్న రెండు పాదాల మధ్య వోల్టేజి తేడా ఏర్పడి, ఒక కాలి నుంచి మరొక కాలికి విద్యుత్తు ప్రవహిస్తుంది. పశువుల ముందు, వెనుక కాళ్ళ మధ్య ఎడం మరీ ఎక్కువ కనుకనే చెట్టు కింది మంద ఒక్కసారిగా కూలిపోతుంది. ఎత్తైన ప్రదేశాలూ అంతే. 2021 జూలై 11న జైపూర్ సమీపంలోని ఆమేర్ కోట వద్ద బురుజుపై నిలుచున్న సందర్శకులలో 11 మంది మృతి చెందారు.

మన వంటి కర్మాగారాలలో క్రేన్లపైన, ట్యాంకులపైన, ఆరుబయలు యార్డులలో పనిచేసేవారు ఉరుము వినగానే దిగి రావాలి. పని ఆగిందని వారిని ఎవరూ తప్పు పట్టరాదు. కాంట్రాక్టు కార్మికుల విషయంలో ఇది మరింత గట్టిగా చెప్పవలసి ఉంది. ఫ్రాంక్లిన్ కాలం నుంచి వాడుకలో ఉన్న పిడుగు కడ్డీ పిడుగును ఆపదు, నేలలోనికి సుఖంగా పోయే దారి చూపుతుంది. పైనున్న కడ్డీని అందరూ చూస్తారు, కింద ఎండిపోయిన ఎర్త్ పిట్‌ను చూసేవారే అరుదు! వేసవిలో దానికి నీరు పోసి, నిరోధాన్ని కొలిపించడం మరువరాదు.

క్వార్టర్లలో టి.వి., ఫ్రిజ్ ప్లగ్గులను ఉరుములు మొదలవక మునుపే తీసివేయాలి. స్నానం, గిన్నెలు కడగడం వాయిదా వేసుకోవాలి. నాలుగు తలుపులూ మూసిన కారు సురక్షితమే, మోటారు సైకిలు కాదు. పుణేలోని ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ రూపొందించిన ‘దామిని’ యాప్‌ను సెల్‌ఫోనులో ఉంచుకుంటే ముందుగా హెచ్చరికలు అందుతాయి.

పిడుగు తగిలినవారిని ముట్టుకుంటే షాక్ కొడుతుందని చాలామంది వెనుకాడుతారు. అది అపోహ. వారి శరీరంలో విద్యుత్తు నిలిచి ఉండదు. గుండె ఆగినవారిని సైతం బ్రతికించే అవకాశం ఉంది కనుక, 108కి ఫోను చేయించి, ఛాతీ మధ్యన నిమిషానికి 100 నుంచి 120 సార్లు చొప్పున వైద్య సహాయం అందే వరకు ఆపకుండా నొక్కుతూ ఉండాలి.