ఆకు ముక్క నుండి వేరుమూలం

పండ్లచెట్టును చూచినవారు కొమ్మను, కాయను మెచ్చుకొంటారే కాని వేరును తలచరు. మన నల్లగొండ తోటలలో అంటుకట్టిన బత్తాయి చెట్టుకు పైభాగం బత్తాయి. క్రిందిభాగం తరచుగా రంగపూర్ నిమ్మ. ఈ క్రిందిభాగమే వేరుమూలం. చెట్టు ఎత్తు, కాపుకు వచ్చే వయస్సు, తెగుళ్లను తట్టుకొనే శక్తి చాలవరకు దానిపై ఆధారపడతాయి.

ఆపిల్‌లో ఇది మరింత స్పష్టం. ఇంగ్లండులోని ఈస్ట్ మాలింగ్ కేంద్రం వర్గీకరించిన ఎం.9 వేరుమూలం చెట్టును పొట్టిగా ఉంచి త్వరగా కాపునిస్తుంది. 1929లో అక్కడే ఎం.16, ఎం.9ల సంకరం వల్ల ఎం.26 జన్మించింది. అయితే ఆపిల్ గింజ నాటితే తల్లిగుణాలు యథాతథంగా రావు. కనుక వేరుమూలాన్ని దాని దేహభాగాల నుండే పెంచాలి.

ఇక్కడ కణజాల వర్ధనం తోడ్పడుతుంది. లేత ఆకు ముక్కలను సూక్ష్మజీవరహితమైన గాజుపాత్రలో లవణాలు, చక్కెర, విటమినులు కలిపిన అగర్‌పై ఉంచుతారు. 1957లో స్కూగ్, మిల్లర్ పొగాకు కణజాలంలో నిరూపించిన సూత్రమే దీనికి ఆధారం: ఆక్సిన్‌తో పోల్చితే సైటోకైనిన్ పాలు అధికమైతే చిగుళ్లు, ఆక్సిన్ పాలు అధికమైతే వేళ్లు పుడతాయి. అందుచేత మొదట చిగురును రప్పించి, పిదప మాధ్యమం మార్చి వేళ్లు పుట్టిస్తారు.

కాని ఒక హెచ్చరిక. ఆకు కణాల నుండి వచ్చిన మొక్కలలో ఒక్కొక్కప్పుడు గుణభేదాలు కలుగుతాయి. కేవలం సంఖ్య పెంచుటకు మొగ్గల నుండి వర్ధనమే క్షేమం. క్రొత్త జన్యువును చేర్చవలసినప్పుడు మాత్రం, మార్పు చెందిన కణం నుండి పూర్తి మొక్కను రప్పించడానికి ఆకు మార్గం అమూల్యం.

గాజుపాత్రలో జరిగిన పొరపాటు తోటలో బయటపడేసరికి రైతు ఏండ్ల శ్రమ వృథా అవుతుంది. విద్యార్థులారా, ప్రయోగశాలలో జాగ్రత్త అంటే ఇదే.