మీకు తెలుసా? కాచినా పోనిది ఫ్లోరైడ్

నీళ్లు కాచి తాగితే రోగాలు రావన్న మాట ఫ్లోరైడ్ దగ్గర చెల్లదు. నీరు ఆవిరైపోతుంది, ఫ్లోరైడ్ మాత్రం గిన్నెలోనే ఉండి ఇంకాస్త చిక్కబడుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము మించకపోతే మేలు. వేరే దిక్కులేనిచోట 1.5 దాకా ఒప్పుకుంటారు. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు వైపు గ్రానైట్ రాళ్ల మధ్య ఊరే బోరు నీళ్లు చాలాచోట్ల ఆ గీత దాటాయి.

విరుగుడూ ఆ జిల్లా పేరుతోనే వచ్చింది. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' 1970లలో రూపొందించిన 'నల్లగొండ టెక్నిక్' టాంజానియా పల్లెల దాకా వెళ్లింది. అడుగుకు కాస్త పైన కుళాయి ఉన్న బకెట్‌లో నీళ్లు పోసి సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక ద్రావణం కలుపుతారు. దూదిపింజల్లాంటి తెట్టు ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగుతుంది. కదపకుండా గంటసేపు ఉంచి, పైతేట పట్టుకోవాలి. మడ్డిని బావి దగ్గర పారబోయకూడదు. మోతాదు నీటి పరీక్ష తర్వాతే; పటిక ఎక్కువైతే అల్యూమినియం మిగులుతుంది.

చింతపండు తిన్న పిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయిందని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2002లో తేల్చింది. పచ్చిపులుసుకు ఇది మంచి కితాబే, కానీ మంచినీటికి బదులు కాదు.

పిల్లలకు పంటి ఎనామిల్ ఏర్పడే తొలి ఎనిమిదేళ్లూ కీలకం. ఫ్లోరైడ్ ఎక్కువైందనడానికి పళ్లపై తెల్లని, గోధుమరంగు చారలు తొలి హెచ్చరిక. ఇప్పుడు మిషన్ భగీరథ నల్లాల్లో నదీజలాలు వస్తున్నాయి. బోరు నీళ్లు బట్టలకు, స్నానానికి సరే. పాలపొడి కలపడానికి, అన్నం పప్పు వండడానికి మాత్రం నల్లా నీళ్లే వాడాలి.