శస్త్రచికిత్స తరువాత లంఖణం పరమౌషధమా?

గ్రేట్ డేన్ వంటి లోతైన ఛాతీ గల పెద్ద కుక్కలలో ఒక్కోసారి జీర్ణాశయం గాలితో ఉబ్బి మెలితిరుగుతుంది. అత్యవసర శస్త్రచికిత్సతో దాన్ని సరిచేసి, మళ్ళీ తిరగకుండా ఉదరకుడ్యానికి కుట్టివేస్తారు.

ఆ తరువాత పస్తుంచడమే విశ్రాంతి అనుకోరాదు. మనుషుల విషయంలో మేమూ ఒకప్పుడు అలాగే నేర్చుకున్నాం. కాని పేగు లోపొర కణాలు తమ పోషణలో పెద్దభాగాన్ని రక్తం నుంచి కాక, పేగులో సాగే ఆహారం నుంచే గ్రహిస్తాయి. ఆహారం ఆగితే ఆ పొర పలచబడి, సూక్ష్మజీవులను అడ్డుకునే శక్తి తగ్గుతుంది.

కనుక నొప్పిని, వికారాన్ని మందులతో అదుపుచేసి, కుక్కకు పూర్తిగా తెలివి వచ్చాక, సాధారణంగా 24 గంటలలోపే కొద్దికొద్దిగా తినిపిస్తారు. తానుగా తినకుంటే ముక్కు ద్వారా సన్నని గొట్టం వేస్తారు. గుండె లయ తప్పవచ్చు గనుక ఈసీజీ గమనిస్తూనే ఉంటారు.

శస్త్రచికిత్స ముగిసిందని తెలియగానే పశువైద్యుణ్ణి యజమాని అడగవలసిన ప్రశ్న ఇది: "తిండి ఎప్పుడు మొదలుపెడతారు?"