పెట్రోలు పిచికారీ యంత్రము మొరాయించినపుడు దోషము నెరుగు విధము

సత్తెనపల్లి ప్రాంతమున మిరప, ప్రత్తి చేలకు మందు చల్లుటకై రైతులు పెట్రోలు పిచికారీ యంత్రములను వాడుచున్నారు. 2021లో నల్ల తామరపురుగు మిరపతోటలను పాడుచేసిన సంగతి ఎల్లరెరిగినదే. పైరున పురుగు కనబడిన దినమున యంత్రము కదలకున్నచో అదను తప్పును.

ఒక పంటకాలము మూలనుండిన యంత్రమున దోషము తరచుగా కార్బ్యురేటరునందే యుండును. ఏలయన, నిలువ పెట్రోలు ఆవిరియై, మిగిలిన జిగురు సన్నని రంధ్రములను పూడ్చును. మరియు నేటి పెట్రోలునందు నూటికి 20 పాళ్లవరకు కలియు ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకొనును.

కావున యంత్రమును విప్పకమునుపే, పాత పెట్రోలు తీసివైచి క్రొత్తది పోయవలయును. నూనె కలుపవలసిన యంత్రమైనచో తయారుచేసినవారు తెలిపిన పాళ్లలోనే కలుపవలయును. పిదప త్రాడు ఆరేడు మారులు లాగి, ప్లగ్గు ఊడదీసి చూడవలయును.

1. ప్లగ్గు పొడిగానున్నచో పెట్రోలు అందుట లేదు. మొదట ఫిల్టరును, గొట్టమును, పిమ్మట కార్బ్యురేటరును శుభ్రపరుపవలయును.

2. తడిగానున్నచో పెట్రోలు అధికమైనది, లేదా నిప్పురవ్వ పుట్టుట లేదు. ప్లగ్గును తుడిచి ఆరబెట్టి, చోకు తెరచి లాగవలయును.

3. చోకు మూసినపుడే నడచుచున్నచో జెట్టు కొంత పూడినది.

4. నడచి నడచి ఆగి, పెట్రోలు టాంకు మూత వదులు చేయగానే మరల నడచినచో, మూతలోని గాలిరంధ్రము పూడినది.

జెట్టును ఇనుపతీగతో పొడువరాదు. రంధ్రము పెద్దదై పెట్రోలు వృథాయగును. పని జరుగుచోట చుట్ట, బీడీ కాల్చరాదు.

పంట ముగియగానే టాంకు ఖాళీచేసి, యంత్రమును తనంతట ఆగువరకు నడిపి భద్రపరచిన రైతునకు మరుసటి అదనున ఈ చిక్కు చాలవరకు కలుగదు.